గోడ లేని తోటకు గ్లాసు ఎత్తనన్న మాస్టారు

హమజస్ప్ మాస్టారికి ఒక్కటే జబ్బు. ఏ మాట వినబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే ఊరుకోలేరు. నిరుడు పొరుగింటి వఘినాక్ చెట్టు మీంచి పడి, “బిజిష్క్‌ని పిలవండ్రా!” అని వైద్యుడి కోసం గగ్గోలు పెడుతుంటే, ఈయన పక్కనే చతికిలబడ్డారు. “బిజిష్క్! ఇది పారశీకుల దగ్గర్నుంచి మనం తెచ్చుకున్న మాట నాయనా...” అని మొదలుపెట్టారు. వైద్యుడు వచ్చేసరికి వఘినాక్ విరిగిన కాలు వదిలేసి రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు.

అలాంటి మనిషిని తన తోటలో ఈస్టర్ విందుకు పెద్దగా కూర్చోబెట్టింది సతెనిక్. చనిపోయిన భర్త ఏటా ఈ మాస్టారినే పెద్దగా కూర్చోబెట్టేవాడు మరి. విందుపెద్ద మాట ముగించి తాగేదాకా ఇంకెవరూ గ్లాసు పెదవికి తాకించకూడదు.

ఆప్రికాట్ చెట్లు విరగబూశాయి. రేకులు నెమ్మదిగా రాలి గ్లాసుల్లో తేలుతున్నాయి. దూరాన అరారాత్ కొండ మంచులో నేలను వదిలి గాల్లోకి లేచినట్టుంది. భర్త ఆ చెట్ల వెనకే ఎక్కడో కొమ్మలు కత్తిరిస్తున్నాడనిపించింది సతెనిక్‌కి. ఆయన నాటిన మొక్కల్లో సగం గొర్రెల పాలయ్యాయి. నిరుడు మంచు కరిగినప్పుడు వాగు వైపు గోడ కూలిపోయింది. ఈ వేసవీ గొర్రెలు పడితే తోట అమ్మేసి గ్యుమ్రీలో చెల్లెలి పంచన చేరాల్సిందే. రాళ్లెత్తుతామని వచ్చిన వాళ్లందరినీ, “నాకెవరి సాయమూ అక్కర్లేదు” అని రొట్టె చేతిలో పెట్టి పంపేసింది.

మాస్టారు లేచారు. అందరూ గ్లాసులెత్తారు.

“ఈ పర్తేజ్‌కి...” అని ఆగిపోయారు. “ఉహూఁ. తోటని ఎలా అనను? పర్తేజ్ అంటే మనకి తోటే గానీ, పారశీకుల పాత భాషలో చుట్టూ కట్టిన గోడ. ఇదే మాట గ్రీకుల దగ్గరికెళ్లి స్వర్గమైంది. మరి గోడేదీ?”

“మాస్టారూ, మాంసం చల్లారిపోతోంది!”

“అబద్ధమాడి తాగమంటావా వఘినాక్?”

“పొలం అనండి, బీడు అనండి, ఏదో ఒకటి అని తగలడండి!”

మాస్టారు కళ్లు మూసుకుని నిలబడ్డారు. గ్లాసులెత్తిన వాళ్లందరికీ చేతులు నొప్పెట్టసాగాయి. చివరికి వఘినాక్ గ్లాసు దించి చొక్కా చేతులు మడిచాడు. “లేవండ్రా! ఈయన ఇవాళ మనల్ని తాగనివ్వడు.”

“నా కోసం ఎవరూ కష్టపడక్కర్లేదు!” అని అడ్డొచ్చింది సతెనిక్.

“నీ కోసమా? మా గొంతులు ఎండిపోతున్నాయి వదినా, పక్కకి తప్పుకో!”

పడిన రాళ్లు అక్కడే ఉన్నాయి. తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, ఎండ వాలేసరికి గోడ లేపేశారు. మాస్టారు గొంతు సవరించుకుని, “ఈ పర్తేజ్‌కి!” అని గటగటా తాగేశారు. అందరూ మాంసం మీద పడ్డారు.

రొట్టె వడ్డిస్తూ సతెనిక్ ఆయన దగ్గర ఆగింది. గుండె నిండిపోయి ఉంది, కానీ అదోలా చూసింది.

“మాస్టారూ, మీ ఇంటి వెనకాల ఉన్నదేమిటి?”

“మా పర్తేజ్. ఏం?”

“దానికి ఏ వైపునా గోడ లేదుగా?”

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“గట్టిగా అనకమ్మా. తాగినవాళ్లు, ఇప్పుడే అక్కడికీ రాళ్లు మోసుకొచ్చేస్తారు.”