తోమని రూపాయి

మా బావ కొమురెల్లి కరీంనగర్‌లో గడియారాలు బాగుచేసేవాడు. ఊరందరి గడియారాలూ ఆయన చేతిలో పడితే బుద్ధిగా నడిచేవి గానీ, ఆయన మాత్రం ఒక్కనాడూ వేళకు ఇంటికి చేరిన పాపాన పోలేదు. టవర్ సర్కిల్ దగ్గర గోడకు ఆనించిన చెక్క డబ్బా ఆయన దుకాణం. అందులో ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషికి మోకాలు పెట్టే చోటుండదు. కంటికి అద్దం బిగించుకున్నాడంటే ఎదురుగా బామ్మర్ది వచ్చి నిలబడ్డా కనిపించేది కాదు. బెల్లంపల్లి నుంచి బస్సులో ఒళ్లు హూనం చేసుకొని వచ్చి, ఆయన ముందర నిలబడి నిలబడి, విసుగొచ్చి ఒక్కణ్ణే మా అక్క ఇంటికి నడిచిపోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

ఆ అద్దం కింద ఎప్పుడూ గడియారమే ఉంటుందనుకుంటే పొరపాటు. సగం సార్లు అక్కడ ఒక నల్లటి వెండి రూపాయి ఉండేది.

బావది హుస్నాబాద్ దగ్గర పల్లె. సేద్యం ఒంటికి పట్టక పట్నం వచ్చి, ఒక ముసలి ఉస్తాదు దగ్గర గడియారాల పని నేర్చుకున్నాడు. అరవై తొమ్మిదిలో మా అక్క అనసూర్యను చేసుకున్నాడు. పెళ్లి పందిట్లో మా బాపు చేతి గడియారం ఆగిపోతే, తలంబ్రాల చేతులతోనే దాని మూత విప్పబోయిన ఘనుడు. ఈ మనిషితో అక్క ఎట్లా వేగుతుందోనని మమ్మల్ని కన్న మా అవ్వ దుర్గవ్వ ఆరోజే దిగులుపడింది. వేగింది లెండి. ఆయనే ఆమెతో వేగాడని గిట్టనివాళ్లు అంటారు.

రూపాయల పిచ్చి బావకు దశరథం వల్ల పట్టింది. దశరథం వెండితీగ పని చేసేవాడు. పల్లెల నుంచి జనం పాత వెండి రూపాయలు తెచ్చి అతనికి తూకానికి అమ్మేవారు. ఇంగ్లీషు రాణి బొమ్మ ఉన్న కల్దార్ రూపాయలు, చార్మినార్ బొమ్మ ఉన్న హైదరాబాదు సర్కారు హాలీ రూపాయలు అన్నీ ఒకే మూసలో పడి కరిగి, తీగలై, అత్తరు బుడ్లకూ కుంకుమ బరిణెలకూ అల్లికలయ్యేవి. ఒక సాయంత్రం బావ అక్కడ కూర్చొని ఉండగా తక్కెట్లో ఉన్న ఒక నల్ల రూపాయి మీద ఎండ పడింది. అంచున తేనె రంగు, కొంచెం లోపలికి వంకాయ రంగు, నడుమ నెమలి మెడ రంగు. బావ దాన్ని తూకం ధరకు కొనుక్కొని జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి మూసలో పడబోయే ప్రతి రూపాయీ ముందు ఆయన అద్దం కింద పడాల్సిందే.

ఎవరి పిచ్చి వారికి ఆనందం అని మేమంతా నవ్వుకున్నాం. తళతళలాడే వెండిని వదిలేసి మసిబారినదాన్ని ఏరుకునేవాణ్ణి ఎవరైనా ఏమంటారు? పైగా మా అక్క చేతిలో చింతపండు పడితే ఇంట్లో నలుపన్నది బతికి బట్టకట్టదు. రాగి చెంబులు, ఇత్తడి బిందెలు, దేవుని వెండి కుందులు అన్నీ అద్దాల్లా ఉండాలి. అటువంటి ఇంట్లో బావ నల్ల రూపాయల కోసం టేకు పెట్టె చేయించి తాళం వేసుకున్నాడు.

ఆయన్ను వెనకేసుకొచ్చినవాడు ఒక్కడే, హైదరాబాదులో పాత నాణేలు వేలం వేసే మధుసూదన్‌రావు. ప్రతి వేలం తర్వాత ఏ నాణెం ఎంతకు పోయిందో అచ్చువేసి పోస్టులో పంపేవాడు. జనం పేపరులో సినిమా పేజీ చూసినట్టు బావ ఆ కాగితం చూసేవాడు. నాకు వద్దన్నా చెప్పేవాడు. మొదట్లో తోమి మెరిపించిన రూపాయలకే మంచి ధర, రంగు తిరిగినవి తూకానికి పోయేవి. తర్వాత ఎనభైలో వెండి ధర ఆకాశానికంటింది. జనం బొడ్లో ముల్లెలు పెట్టుకొని దశరథం ముందు బారులు తీరారు. దేశంలోని పాత రూపాయల్లో ఎన్నెన్నో ఆ ఒక్క ఊపులో పట్టీలైపోయాయి. మిగిలినవి అరుదయ్యేసరికి కొనేవాళ్ల కళ్లూ మారాయి. తోమితే మురికితో పాటు వెండి పైపొర కూడా పోతుందనీ, రాణిగారి ముక్కు కూడా కొంచెం అరుగుతుందనీ, దానంతట అది తిరిగిన రంగును మళ్లీ ఎవరూ తేలేరనీ వాళ్లకు అర్థమైంది. అక్కడి నుంచి రంగు రూపాయల ధర మెల్లగా ఎక్కుతూ పోయి, తొంభైలకల్లా తెల్లవాటిని బాగా దాటేసింది.

ఇది విని దశరథం ఊరుకోలేదు. ఒక తెల్ల రూపాయిని ఉడికించిన కోడిగుడ్డుతో పాటు టిఫిన్ డబ్బాలో మూసిపెట్టి, రంగు తిరిగాక గంభీరంగా తెచ్చి బావ ముందు పెట్టాడు. బావ కంటికి అద్దం కూడా పెట్టుకోలేదు. వాసన చూసి, ఉప్పూ కారం ఏవని అడిగాడు.

ఇక అసలు తగాదా సంగతి. డెబ్బై అయిదులో అక్క పుట్టింటికి వచ్చినప్పుడు అవ్వ ఆమెకు ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, రవికె గుడ్డ, వాటితో పాటు ఒక రాణి రూపాయి. ఆ రూపాయిని అవ్వ చాలా ఏళ్లుగా పాత గుడ్డలో మూటగట్టి పొయ్యి పైన దూలం సందులో దోపి ఉంచింది. మాది బొగ్గు బాయి కాలనీ, గని పనివాళ్ల ఇళ్లు. వంట కంపెనీ బొగ్గుతోనే. ఆ పొగకు మా దూలాలు, దేవుని పటాలు, మా ముక్కులు అన్నీ ఒక్క రంగులో ఉండేవి. రూపాయికి మాత్రం ఎక్కడా లేని రంగులొచ్చాయి.

అక్క కరీంనగర్ చేరగానే దాన్ని లక్ష్మీపూజలో పెట్టాలని చింతపండు నానబెట్టింది. బావ చూసి, ఆమె చేతిలోంచి రూపాయిని లాక్కున్నంత పని చేసి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అక్కకు కడుపు మండింది. తోమని వెండి దేవుని ముందు పెడితే అరిష్టమని ఆమె, తోమేదుంటే ఇవ్వనని ఆయన. ప్రతి దీపావళికీ ఇంట్లో దీపాల కంటే ముందు ఇదే అంటుకునేది. మొదట్లో నాకు నవ్వులాటగా ఉండేది. ఎనభై నాలుగులో అవ్వ చనిపోయాక నవ్వు రాలేదు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని ఆమె చీరలన్నీ ధర్మపురి దగ్గర గోదావరిలో వదిలేశాం. అవ్వది అని చెప్పుకోవడానికి అక్కకు ఆ రూపాయి ఒక్కటే మిగిలింది, అదీ తాళం వెనుక.

తొంభై మూడులో రోడ్డు వెడల్పు చేస్తారని టవర్ సర్కిల్‌లో డబ్బాలన్నీ తీసేయమన్నారు. బావకు బజార్లో ఒక దుకాణం గది, మడిగె, అద్దెకు దొరికింది గానీ ముందుగా పగిడీ కింద పెద్ద మొత్తం కట్టాలి. పెట్టె అమ్మడం తప్ప దారి లేదు. మధుసూదన్‌రావుకు కబురు పెడితే, ఈ ఏడు రంగు రూపాయలకు మంచి గిరాకీ ఉందనీ, కానీ అన్నింటిలో మేలైనది ముందుంటేనే మిగతావి పలుకుతాయనీ రాశాడు. మేలైనది అవ్వ రూపాయే. బావ ఆ మాట అక్కతో చెప్పలేక రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. చివరికి అక్కే తేల్చింది.

"అదిగూడ అమ్ము. గిన్నేండ్లు నాకియ్యనిది ఇప్పుడు నాకెందుకు?"

ఆమె గొంతు పెంచకుండా అన్నది. అందుకే నాకు ఎక్కువ బాధనిపించింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని బావను ఎత్తిపొడిచాను కూడా. ఆయన నన్ను తోడు రమ్మన్నాడు.

హైదరాబాదులో ఒక హోటలు హాల్లో వేలం. పాటకు ముందు కొనేవాళ్లు నాణేలను చూసుకోవడానికి బల్ల మీద పరిచారు. ఒక పెద్దమనిషి అవ్వ రూపాయిని అద్దం కింద పెట్టుకొని ఎంతకీ కదలలేదు. తర్వాత పక్కనున్న మనిషిని పిలిచి చూపించాడు.

"ఇది చీరగుడ్డ అచ్చు. గుడ్డల గట్టి ఏండ్లకేండ్లు పొగకు పెట్టిండ్రు. కుట్టు సుత పడ్డది చూడు."

బావను అద్దం అడిగి తీసుకొని చూశాను. రాణి చెంప మీద సన్నటి పోగులు నిలువుగా అడ్డంగా అల్లుకొని ఉన్నాయి. కొన్ని సన్నపోగులకు ఒక దొడ్డుపోగు. అవ్వ జీవితమంతా కట్టిన నేత అదే. వాటి మీదుగా చిరుగు కలిపిన కుట్లు, అన్నీ తప్పు వైపుకు ఒరిగి ఉన్నాయి. మా అవ్వది పుర్రచెయ్యి. ఎడమచేత్తో కుట్టేది కాబట్టి ఆమె కుట్లు లోకంలో అందరి కుట్లకూ ఎదురు తిరిగి ఉండేవి. కాలనీలో ఎవరి చొక్కా చూసినా అది దుర్గవ్వ కుట్టిందా కాదా అన్నది ఇట్టే తెలిసిపోయేది.

బావకు చూపించి చెప్పాను. ఆయన అద్దం పెట్టుకొని చూసి, తీసి, మళ్లీ చూశాడు.

"గివి గీతలనుకున్న బామ్మర్దీ," అన్నాడు. "గిన్నేండ్లు గీతలనే అనుకున్న."

పరుగున పోయి మధుసూదన్‌రావును బతిమాలాం. జాబితాకెక్కిన సరుకును వెనక్కి ఇచ్చే ఆనవాయితీ లేదు, అమ్మేవాడు తన సరుకు మీద పాట పాడకూడదు అన్నాడు. బామ్మర్ది పాడొచ్చునా అని బావ అడిగాడు. రావు గారు ఒక క్షణం ఆలోచించి, పైసలు కట్టేవాడు ఎవరైనా పాడొచ్చు అన్నాడు.

నేను బొగ్గు బాయిలో హాజరీ గుమాస్తాను. అంతకుముందు పాత గొంగడి కోసం కూడా ఎవరితో పోటీపడినవాణ్ణి కాదు. వేలంవెర్రి అంటే ఏమిటో ఆ మధ్యాహ్నం తెలిసింది. పెద్దమనిషి చెయ్యెత్తితే నేనెత్తాను. ఆయన ఆగి ఎత్తితే నేను ఆగకుండా ఎత్తాను. ధర నా జీతాన్ని దాటింది, నా సైకిలును దాటింది, ఇద్దరి పరువునూ దాటింది. బావ పక్కన కూర్చొని నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ఆపడానికో, ఇంకా పాడమనడానికో ఆయనకే తెలియదు. చివరికి పెద్దమనిషి నా వైపు చూసి, చిన్నగా నవ్వి, చెయ్యి దించాడు.

నా జేబులో బస్సు కిరాయి మాత్రమే ఉంది. అయితే అమ్మినవాడు మా బావే కాబట్టి ఆ సొమ్ము నేను కట్టినా ఆయనకే పోవాలి. మధ్యలో వేలం వాళ్ల కమీషను ఒక్కటే మాకు పడింది. ఆ పాట వేడికి మిగతా నల్ల రూపాయలు కూడా బ్రహ్మాండంగా పలికాయి. మడిగె పగిడీకి సరిపోయింది. ఆ తర్వాత వచ్చిన ధరల కాగితంలో అన్నింటికంటే పైన ఉన్నది నా పాటే. గుడ్డ అచ్చు పడిన రూపాయలు ఉన్నాయా అంటూ బావకు ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలొచ్చాయి, వాటి ధర కూడా పెరిగింది. ఎందుకు పెరిగిందో పెద్దలు ఏమేం కారణాలు చెప్పుకున్నారో నాకు తెలియదు. అసలు కారణం మా అక్క దగ్గరికి ఒట్టి చేతులతో పోవడానికి మాకున్న భయం.

వేలం నుంచి తిరిగి దీపావళి నాడు మేము ఇల్లు చేరేసరికి అక్క వాకిట్లో పీట వేసుకొని వెండి తోముతోంది. అమ్మినవా అని అడిగింది. అమ్మిన, నీ తమ్ముడే కొన్నడు అన్నాడు బావ. నేను రూపాయి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూడనైనా చూడకుండా చింతపండు గిన్నె దగ్గరికి జరుపుకుంది. బావ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"అది నీదే అక్కా. తోముకో," అన్నాను. "జర ముందుగాల గీ అద్దంల చూడు."

బావ తన అద్దాన్ని తీసి స్వయంగా ఆమెకిచ్చాడు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఆ అద్దం ఆమె చేతికివ్వడం అదే మొదటిసారి. అక్క కంటికి పెట్టుకొని, వెలుతురు వైపు తిరిగింది. చింతపండు పులుసు ఆమె మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోలేదు.

"పుర్రచేతి కుట్టు," అన్నది చివరికి. "తమ్మీ, అవ్వ చేతిది."

నేను తల ఊపాను. అక్క అద్దం తీసి బావ ముఖంలోకి చూసింది.

"గిన్నేండ్లు నువ్వు దాస్తున్నది రూపాయనుకున్న."

"నేను గూడ గదే అనుకున్న," అన్నాడు బావ.

అక్క లేచి చేతులు కడుక్కుంది. చింతపండు గిన్నెను చెట్టు మొదట్లో ఒంపేసింది. ఆ సాయంత్రం లక్ష్మీపూజలో మెరిసే కుందుల మధ్య, తమలపాకు మీద, అవ్వ రూపాయి నల్లగా కూర్చుంది. అక్క కుంకుమ తీసుకోగానే బావ ఊపిరి బిగబట్టాడు. ఆమె ఆయన వైపు ఓరగా చూసి, బొట్టు రూపాయికి కాకుండా ఆకుకు పెట్టింది.