పడవకు కట్టిన వేపమండ

ఎనభైల్లో మేము యాకుత్‌పురాలో ఉండేవాళ్లం. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌ని అయ్యానన్న పొగరు నాకప్పుడు బాగానే ఉండేది. మా మేనేజర్‌ని మీరాలం చెరువులో తిప్పి మెప్పు పొందాలని వేలంలో ఒక పాత ఫైబర్ పడవ కొన్నాను.

ఇంటి ముందు బోర్లించి చూస్తే అడుగంతా పొక్కులు! ఒకటి గుచ్చితే సిర్కాలాంటి పుల్లటి వాసనతో జిగట నీళ్లు కారాయి.

"దీనికి తల్లి పోసిందిరా. పొక్కులు ఎండెదాంక నీళ్లు తగలనియ్యకు" అంటూ అమ్మ వేపమండ తెచ్చి కట్టింది.

"ఇది మనిషి గాదమ్మా, ఫైబరు. ఫోర్‌మన్‌కే చెప్తవా?" అని ఆ మండ పీకి పారేశాను.

కార్వాన్‌లో ఆటోలకు రంగులేసే ఖాసిం భాయ్‌ని పిలిపించాను. అతను పొక్కులన్నీ లోతుగా చెక్కి, "లోపల మస్తు తడి ఉంది సాబ్" అన్నాడు.

"ఎల్లుండి మేనేజర్ వస్తుండు. ఆటోకు పెట్టినట్టే గుంతలల్ల లప్పం నింపి రంగు కొట్టు భాయ్" అన్నాను. పడవ ఆటోలా పసుప్పచ్చగా మెరిసింది.

ఆదివారం చెరువు మధ్యకు చేరేసరికి లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అడుగు నుంచి నీళ్లు ఉబికాయి. నేను తెడ్లు వేస్తుంటే, మేనేజర్ తన టిఫిన్ డబ్బాలోని బగారా అన్నం చెరువులో పారబోసి, ఆ డబ్బాతోనే ఒడ్డుదాకా నీళ్లు తోడాడు.

ఇంటికి తెచ్చిన పడవకు అమ్మ మళ్లీ వేపమండ కట్టింది. ఈసారి నేను దాన్ని ముట్టుకోలేదు.

చెక్కిన పొక్కులను నెలల తరబడి ఎండనిచ్చాకే పూడ్చాలని తర్వాత ఒక పడవల మేస్త్రీ చెప్పాడు. ఆ సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో ఫోర్‌మన్ ఎవరో తేలిపోతుంది.