పడవ మీద తొలిచెయ్యి

పర్చూరు దాటి కొంత దూరం పోతే ఆ ఊరు వస్తుంది. మూడు వైపులా మిరపచేలు, ఒకవైపు పత్తి. సముద్రం అక్కడికి దగ్గరేమీ కాదు. అలాంటి ఊళ్ళో, ఇంటి పెరట్లో, రేకుల పాక కింద వడ్రంగి అంకమ్మరావు పడవ కడుతున్నాడంటే జనం నవ్వకుండా ఎలా ఉంటారు?

"ఏరా అంకమ్మా, సముద్రం మనూరికి వస్తందని టీవీలో ఏమన్నా చెప్పారా?" అని పక్కింటి వీరబాబు గోడ మీదుగా అరిచేవాడు.

"వస్తే నిన్ను మాత్రం ఎక్కించుకోన్లేరా," అనేవాడు అంకమ్మరావు, చేతిలో పని ఆపకుండా.

అతని తండ్రి వాడరేవులో చెక్క పడవలు కట్టిన మేస్త్రి. అచ్చులో పోసిన ఫైబరు పడవలు వచ్చాక చెక్క పడవ అడిగేవాళ్ళు లేకుండా పోయారు. కుటుంబం సముద్రం ఒడ్డు వదిలి మిరప ఊళ్ళలోకి వచ్చింది. అంకమ్మరావు ముప్ఫై ఏళ్ళు ద్వారబంధాలు చేశాడు, కిటికీలు చేశాడు, మంచాలు చేశాడు. ఎవరూ వంక పెట్టలేదు. ఎవరూ పేరు కూడా గుర్తుపెట్టుకోలేదు.

వాడరేవులో తండ్రినాటి పద్ధతి ఒకటుంది. కొత్త పడవను నీళ్ళలోకి నెట్టే ముందు, కట్టిన మేస్త్రి దాని ముక్కు మీద అరచెయ్యి ఆనించాలి. తొలిచెయ్యి అంటారు దాన్ని. అది పడ్డాకే మిగతా చేతులు పడతాయి. పడవ మీద చివరి పని ఎవరు చేస్తే తొలిచెయ్యి వాళ్ళది. తండ్రి ఎన్నో పడవల మీద చెయ్యి వెయ్యడం అంకమ్మరావు చూశాడు. తన చెయ్యి ఒక్కదాని మీదా పడలేదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి.

"ఒక్కటి కడతా," అన్నాడు భార్యతో. "ఒక్కటంటే ఒక్కటి. నా చేత్తో."

వాడరేవులో చేపలు పట్టే కోటేష్ ఉన్నాడు. వాళ్ళ నాన్న అప్పట్లో అంకమ్మరావు తండ్రి కట్టిన పడవలోనే వేటకు పోయేవాడు. ఆ మొహమాటమో, ముచ్చటో, "కట్టన్నా, నేను నడుపుతా," అన్నాడు కోటేష్.

ఇప్పుడు వెనకటి చెక్క దొరకదు. అంకమ్మరావు ఫోనులో చూసి కొత్త పద్ధతి నేర్చుకున్నాడు. ప్లైవుడ్ పలకలు వంచి కట్టి, వాటి మీద గాజు నూలుతో నేసిన గుడ్డ పరిచి, ఆ గుడ్డకు ఎపాక్సీ అనే జిగురు పట్టించాలి. చెన్నై నుంచి రెండు డబ్బాలు వచ్చాయి. ఒకదానిలో రెజిన్, ఒకదానిలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. కలిపితే తేనెలా ఉంటుంది. కాసేపటికే మగ్గులో వేడెక్కి బిగుసుకుపోతుంది. ఆ లోపలే పూసెయ్యాలి. డబ్బాల మీద ఇంగ్లీషులో సన్నటి అక్షరాలున్నాయి. వాటిని ఎవరూ చదవలేదు.

రెండో వారంలో వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. తర్వాత మంట.

ఆ ఊళ్ళో చేతులు మండితే డాక్టరు దగ్గరికి పోరు. కోతల కాలంలో ఊరంతటికీ చేతులు మండుతాయి. కళ్ళు నలుపుకోకుండా, చంటిబిడ్డల్ని ఎత్తుకోకుండా, కొబ్బరినూనె రాసుకుని పడుకుంటారు. అంకమ్మరావు భార్య వెంకటేశ్వరమ్మ కాపురానికొచ్చిన ఏడాది నుంచీ మిరప కోతకు పోతోంది.

"కారం చేతులయ్యా అవి," అంది. "నా గోతాల్లో చెయ్యి పెట్టుంటావు. నాలుగు రోజులుంటే అదే పోద్ది."

కోతకు పోయే ఆడవాళ్ళు పొద్దున్నే వేళ్ళకు పాత చీర పేలికలు చుట్టుకుంటారు. చుట్టుకోవడం ఎవరికి వాళ్ళకు కుదురుతుంది. ముడి మాత్రం ఒంటిచేత్తో పడదు, ఇంకొకరు వెయ్యాలి. అన్నేళ్ళుగా వెంకటేశ్వరమ్మ వేళ్ళకు ముడి వేస్తున్నది అంకమ్మరావే. ఇప్పుడు ఆమె అతనికీ కట్టడం మొదలుపెట్టింది. మెత్తబడిపోయిన ఆకుపచ్చ చీర ఒకటి తీసి, పేలికలుగా చింపి, ఉతికి, పాకలో మేకుకు తగిలించింది. తెల్లవారగానే ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని ఒకరి చేతులకు ఒకరు కట్టేవాళ్ళు. ఆమె చేలోకి పోయేది, అతను పాకలోకి పోయేవాడు.

కారానికి గుడ్డ అడ్డం. రెజిన్‌కు కాదు. రెజిన్‌ను గుడ్డ తాగింది. తాగి, సాయంత్రం దాకా చర్మానికి అదిమిపట్టుకుంది. బిగుసుకున్న పేలికల్ని బ్లేడుతో కోసి, థిన్నరుతో చేతులు కడుక్కుని, మంట మీద నూనె రాసుకునేవాడు అంకమ్మరావు. మర్నాడు ఆమె కొత్తవి కట్టేది, ఇంకొంచెం మందంగా.

నెల తిరిగేసరికి వేళ్ళు పొక్కాయి. పొక్కులు చితికి నీరు కారింది. మంట మణికట్టు దాటింది, మోచెయ్యి దాటింది. ఒక పొద్దున లేచేసరికి మొహం బూరెలా పొంగి, కళ్ళు తెరుచుకోలేదు. వెంకటేశ్వరమ్మ కోత మానుకుని, చెయ్యి పట్టుకుని చీరాల తీసుకుపోయింది.

చర్మం డాక్టరు అనీసా అతని చేతుల్ని దీపం కింద తిప్పి తిప్పి చూసింది.

"ఏం పని చేస్తారండి?"

"పడవ కడుతున్నానమ్మా."

"వాడరేవులోనా?"

"కాదమ్మా. ఇంటి దగ్గర."

రెజిన్ సంగతి విన్నాక ఆమె కలం పక్కన పెట్టింది. "ఇది కారం మంట కాదండి. ఎలర్జీ. దీన్ని మీ ఒళ్ళు ఇక మర్చిపోదు. మందులతో ఇప్పటిది తగ్గుతుంది. మళ్ళీ ముట్టుకుంటే ఇంతకంటే ఎక్కువ వస్తుంది. రుద్దినప్పుడు లేచే పొడి తగిలినా వస్తుంది."

"గట్టిపడ్డాకో?"

"బాగా గట్టిపడ్డాక ఫర్వాలేదు. పచ్చిదాని దగ్గరికి మాత్రం పోవద్దు. ఇంతకీ గ్లౌజులు వేసుకోలేదా?"

"గుడ్డలు కట్టుకున్నానమ్మా."

"గుడ్డలా! రోజంతా అందులో నానబెట్టినట్టే కదండీ. ఎవరు కట్టమన్నారు?"

వెనక స్టూలు మీద కూర్చున్న వెంకటేశ్వరమ్మే చెప్పింది.

"నేనేనమ్మా."

తిరుగు బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. బస్సు చీరాల దాటాక అతను అన్నాడు, "నీ పేలికలే తినేశాయి నా చేతుల్ని."

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బయట కళ్ళాల్లో ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఊరు వచ్చేదాకా సమయం ఉంది. అతను తీసుకోలేదు.

మర్నాటి నుంచి ఆమె తన పేలికలకు ముడి వెయ్యమని అతన్ని అడగలేదు.

పడవలో ఇక మిగిలింది ముక్కు లోపలి వైపు పని. రెండు వరసల గుడ్డ పడింది, మూడోది పడాలి. వాపు తగ్గగానే అంకమ్మరావు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని పాకలోకి పోయాడు. మూడు రోజులు చేశాడు. నాలుగో రోజు మళ్ళీ కళ్ళు మూసుకుపోయాయి. మెడ కూడా పొంగింది.

"ఎట్టా చెయ్యాలో చెప్పు," అంది వెంకటేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి. "నేను పూస్తా."

"నీ వల్ల కాదు."

"నీ వల్ల మాత్రం అవుతుందా?"

గ్లౌజులు ఆమె తొడుక్కుంది. అతని మంచం పాక గాలి తగలకుండా, వీధి గేటు దగ్గర వేసింది. అతను అక్కడినుంచి కేకలు వేసేవాడు. రెండు పాళ్ళు ఇది, ఒక పాలు అది. మధ్య నుంచి అంచుకు పూయి. బుడగ ఉండకూడదు. ఆమె "ఊఁ" అనేది. వేల కాయల్ని తొడిమ తెగకుండా కోసిన వేళ్ళు అవి. ఒక్క బుడగ రాలేదు. ఆ సంగతి వీరబాబు వచ్చి చూసి చెప్పాడు. "మా చెల్లెలి పనితనం నీకంటే నయం గదరా!" అన్నాడు. అంకమ్మరావు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

చివరి రోజు చివరి మగ్గు కలిపాక పాకలోంచి ఆమె కేక వేసింది.

"గుడ్డ చాల్లా!"

"ఎంత?"

"జానెడు! ముక్కు కొసాన!"

"ఇంకేం లేదా అక్కడ?"

"లేదు! మగ్గు కాలిపోతాంది, త్వరగా చెప్పు!"

రెప్పల సందులోంచి అతనికి పాక నీడ తప్ప ఏమీ కనబడలేదు. "ఏదో ఒకటి వేసి తగలెయ్యి!" అని అరిచాడు.

వారానికి కళ్ళు తెరిపిన పడ్డాయి. పాక బయట నిలబడి చూశాడు. ముక్కు లోపల, అద్దంలాంటి రెజిన్ అడుగున, ఆకుపచ్చ పేలికలు ఒకదాని పక్కన ఒకటి పరిచి ఉన్నాయి. మేకుకు వేలాడిన కట్ట అది. తన వేళ్ళ కోసం చింపినవి. ఒకదానికి పాత ముడి మడత కూడా కనిపిస్తోంది.

బలానికి లోటేమీ లేదు, కింద రెండు వరసలున్నాయి. గీకి మళ్ళీ వెయ్యాలంటే పొడి లేస్తుంది. అతని వల్ల కాదు. చేతికి అందినవి తొందరలో వేసిందా, కావాలనే వేసిందా? అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

మరో మూడు వారాలు ఆరనిచ్చి, ట్రాక్టరు మీద పడవను వాడరేవు తీసుకుపోయారు. ఆదివారం. ఒడ్డున ఎండుచేపల వాసన, ఊళ్ళనుంచి వచ్చిన కార్లు, ఫోనులు. కోటేష్ ముక్కుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. లోపలికి తొంగిచూసి నవ్వాడు.

"ఇదేంది వదినా, పడవకి కూడా చీర కట్టావా?"

అందరూ నవ్వారు.

"మీ అన్న చేతులకి చింపినవి," అంది వెంకటేశ్వరమ్మ. "మిగిలిపోయినాయి."

"అన్నా, రా. తొలిచెయ్యి."

అంకమ్మరావు వచ్చాడు. అతని అరచేతులకు కొత్త చర్మం, లేత గులాబీ రంగులో, గీతలు లేకుండా మెరుస్తోంది. చెయ్యి ఎత్తాడు. పడవకు జానెడు దూరంలో ఆగాడు. పేలికలు కనిపిస్తున్నాయి. ఎత్తిన చెయ్యి దించేశాడు.

"చివరి పని నాది కాదు," అన్నాడు. "దానిది."

"ఆడమనిషి చెయ్యా?" అని ఎవరో ముసలాయన గొణిగాడు.

"మేస్త్రి చెప్పాక మనకెందుకు మావా," అన్నాడు కోటేష్.

"నాకొద్దయ్యా," అంది ఆమె, మెల్లగా, అతనికి మాత్రమే వినబడేలా. "నువ్వెయ్యి. దీనికోసమేగా ఇంతా."

"వెయ్యవే. అంతా నువ్వేగా చేసింది."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత పడవ ముక్కు మీద చెయ్యి పెట్టింది. దాని వెనక పది చేతులు పడ్డాయి. పడవ ఇసుక మీద జారి నీళ్ళలోకి దిగింది. ఒరగలేదు, చెమ్మ పట్టలేదు. కారులో వచ్చిన పిల్ల ఒకతె, "ఆంటీ, ఈ బోటు మీరే చేశారా?" అంటూ ఆమెను నిలబెట్టి ఫోటో తీసుకుంది.

అంకమ్మరావుది ఎంత పెద్దమనసో అని ఒడ్డున చెప్పుకున్నారు. అది పెద్దమనసు కాదని, బస్సులో అన్న మాటే ఇంకోలా అన్నాడని ఆమెకు తెలుసు.

మర్నాడు మూడో కోత. తెల్లవారగానే వెంకటేశ్వరమ్మ అరుగు మీద కూర్చుని వేళ్ళకు పేలికలు చుట్టుకుంటోంది. అంకమ్మరావు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముడి వెయ్యడానికి చెయ్యి చాపాడు.

ఆమె పేలిక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, తల వెనక్కి లాగి, ముడి బిగించింది. రెండో చేతికీ అలాగే బిగించింది. ఆ నెలన్నరలో బాగా అలవాటైనట్టుంది, ఒక్కటీ వదులు కాలేదు. అన్నం క్యారేజీ తీసుకుని చేలోకి పోయింది.