ఖతీఫ్ రేవులో గంగమ్మ వాటా

వేట నిషేధం రోజులు కదా, మొన్న మా ఉప్పాడలో పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. ఆ పడవల పక్కనే రిసార్టులో దిగిన పెద్దమనిషి ఒకాయన బుట్టెడు గుడ్డు పీతలు పట్టి ఫోటోకు నిలబడ్డాడు. పొట్టకోసం పట్టేవాడికి నిషేధం, సరదాకు పట్టేవాడికి చప్పట్లు. ఈ న్యాయం నాకు కొత్తేమీ కాదు, సౌదీలో ఖతీఫ్ రేవులో ఉన్నప్పుడే దీని రుచి చూశాను.

మీలో గల్ఫ్‌లో పనిచేసినవాళ్ళకు నితాఖత్ అన్న మాట వింటే ఇప్పటికీ గుండె జారుతుంది. సొంతవాళ్ళకే పనులన్న ఆ చట్టంతో పడవకొక సౌదీ మనిషి ఉండి తీరాలన్నారు. అలాంటివాళ్ళు దొరకక ఎన్నో పడవలు మూలనపడ్డాయి. మాకు వీసాలిచ్చిన పడవ యజమాని, ఎప్పుడో వేట మానేసిన మా ముసలి కఫీల్ మాత్రం నడుముకు గుడ్డ బిగించి తానే పడవెక్కాడు. మా మీద సర్కారుకు కట్టే లెవీకి మూలుగుతూనే, అక్కడ ఉండనిచ్చే మా ఇకామా కార్డులు రెన్యూ చేయించాడు. ఆయన మంచివాడే కానీ, నా వంట ఒంటెకు కూడా పెట్టకూడదని ఒకసారి అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

అక్కడ గుడ్డు పీతను ఎవరూ తీసుకోకూడదు. మిగతా పీతల్లో పడవలకొక హద్దు, శుక్రవారం సరదాకు వచ్చేవాళ్ళకు తలకొక హద్దు. మేము సముద్రాన్ని ఊడ్చేస్తున్నామని వాళ్ళు, తలలు పెంచుకోవడానికి చంటిపిల్లల్ని కూడా ఎత్తుకొస్తున్నారని మేము, ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళం. ఆ సరదా గుంపుకు పెద్ద మన తెలుగాయనే, చమురు పనుల్లో ఇంజనీరు. మొదటిసారి కనబడ్డప్పుడు తెలుగువాడు కదా అని నమస్కారం పెడితే, గాలానికి ఎర గుచ్చుకుంటూ తలైనా ఎత్తలేదు.

సీజన్ మొదలైన రోజున తొలి బోనులో పడ్డ పీతల్ని గంగమ్మ వాటాగా తిరిగి నీళ్ళలో వదలడం మా ఇళ్ళలో తాతల నాటి ఆనవాయితీ. నేను అక్కడా మానలేదు. కఫీల్ కూడా బిస్మిల్లా అని ఊరుకునేవాడు. ఆ ఏడాది నేను తట్ట వంచుతున్న క్షణానికే తీరరక్షణ పడవ మలుపు తిరిగి వచ్చింది. ఒడ్డున ఉన్న ఇంజనీరు ఆ దృశ్యాన్ని ఫోనులో తీసి, హద్దు మీరిన సరుకును భయంతో పారబోశారని ఫిర్యాదు పెట్టేశాడు.

మా పడవను కట్టేయించారు. పడవ యజమాని కాబట్టి కఫీల్ సాక్ష్యం చెల్లదన్నారు. విచారణలోగా ఫిర్యాదు చేసినవాడు వచ్చి వెనక్కి తీసుకోకపోతే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే మా ఇకామాలూ పోతాయి. వెళ్ళి ఆ మనిషికి ఉన్న విషయం చెప్పి రమ్మని కఫీల్ నన్ను బతిమాలాడు. అడగకుండానే దొంగను చేసినవాడి గుమ్మం నేను తొక్కనన్నాను.

"ఎగ్జిట్ కొడితే నీ రోషాన్ని ఇంటికెళ్ళి వండుకు తింటావా?" అని తన గల్ఫ్ హిందీలో అరిచాడు. అయినా కదల్లేదు.

ఆ శుక్రవారం, ఫోనులో ఆ దృశ్యం చూసిన ఇంజనీరు భార్యే అతన్ని రేవుకు తీసుకొచ్చింది. ఖతీఫ్‌లోనే ఆసుపత్రి నర్సు, భీమిలి దగ్గర వేటగాళ్ళ ఇంటి పిల్ల.

"బాబాయ్, అది గంగమ్మ వాటా కదా? మా తాత కూడా తొలి తట్ట అలాగే వదిలేవోడు, ప్రభువు పేరు చెప్పి" అంది. నేను అవునన్నానో లేదో, మొగుడి వైపు తిరిగి, "విన్నారా? పడవెక్కితే వాంతులు తప్ప మీకేం తెలుసునని ఫిర్యాదు పెట్టీసినారు?" అని దులిపేసింది. కఫీల్‌కు తెలుగు రాకపోయినా కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంజనీరు తీరరక్షణ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. పడవ కదిలింది. ఆ తరువాత కఫీల్ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి గావా కాఫీ పోసి, గుడ్డు పీతలు చేరే మడ అడవుల వైపు ఎవరూ వెళ్ళకూడదని, తొలి తట్టను అందరూ కలిసి వదలాలని ఒప్పించాడు.

కుటుంబాల మీద కూడా లెవీ పడ్డాక ఇంజనీరు భార్య చేత ఉద్యోగం మాన్పించి బిడ్డలతో ఇండియా పంపేశాడు. ఒంటరిగా రేవులో తిరుగుతుంటే చూడలేక కఫీల్ పడవలోకి పిలిచాడు. వాంతులు చేసుకుంటూనే మాతో బోనులు లాగాడు. క్షమించమని మాత్రం నోటితో అనలేదు, నేనూ ఆ ఫిర్యాదును మరిచిపోలేదు. అయినా నిమ్మకాయ కోసి ఇచ్చింది నేనే.

ఇప్పుడు అక్కడ ఇంజనీరూ లేడు, నేనూ లేను. లెవీలు మోయలేక మనవాళ్ళంతా వెళ్ళిపోయాక ఆ రేవులో తెలుగు మాటే ఆగిపోయిందట. కఫీల్ వేటకు పోవడం మానేశాక ఆ ఊరి కుర్రాళ్ళనే పెట్టుకుని ఆయన కొడుకు పడవ నడుపుతున్నాడు. ఈ మధ్య ఫోను చేస్తే, సీజన్ మొదటి రోజున పడవలవాళ్ళూ శుక్రవారంవాళ్ళూ కలిసి తొలి తట్ట వదులుతూనే ఉన్నారని చెప్పాడు. ఎందుకు వదులుతారని కొత్తవాళ్ళు అడిగితే, ఖతీఫ్‌లో ఎప్పటినుంచో ఇంతేనని చెబుతారట. మమ్మల్ని తలుచుకునేవాళ్ళు లేరని ఒక్క క్షణం కష్టమనిపించింది, ఆ తరువాత, పోనీలే, గంగమ్మకు వాటా అందుతోంది కదా అనుకున్నాను.