పెక్స్‌లీ హాల్ పక్షి ముక్కు

పెక్స్‌లీ హాల్ అనే ఈ పాత దొరల బంగళా చూడవచ్చేవాళ్లు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. టాయిలెట్లు ఎటు, ఆ కంచె మీద కూర్చున్నది ఏ పక్షి అని. మొదటిదానికి చెయ్యి చూపిస్తాను. రెండోదానికి జవాబు, దాని కింద ఇన్నేళ్లుగా నిచ్చెన పట్టుకున్న నాకే తెలియదు. యూ అనే ముదురాకుపచ్చ చెట్లని దట్టంగా పెంచిన కంచె మీద, పన్నెండడుగుల ఎత్తున, ఆకులతోనే మలిచిన పక్షి అది. పాత దొరలు నెమలి అనేవారట. వచ్చేవాళ్లలో సగం మంది బాతంటారు. ఏటా ఆగస్టులో దాన్ని కత్తిరించే విల్ఫ్ బాగ్నల్ మాత్రం, "పక్షండీ. అంతకంటే దానికీ తెలీదు" అనేవాడు.

విల్ఫ్ డెర్బీలో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు. రిటైరైన మరుసటి వారమే వచ్చి, జీతం లేని తోటపనికి పేరు రాయించుకున్నాడు. నేనూ అలా వచ్చినదాన్నే, పోస్టాఫీసు నుంచి. మంగళవారం, గురువారం మా రోజులు. జోరున కురుస్తున్నా సరే పనికి వచ్చేసి, "ఇది వానా? గాలికి చెమట పట్టిందంతే" అనేవాడు. సరిగ్గా పదిన్నరకి ఫ్లాస్కులో టీ, చీజు శాండ్‌విచ్. పది ముప్ఫై ఒకటికి మూత తీస్తే ఆ రోజంతా మొహం గంటు పెట్టుకునేవాడు.

వేరే తోటల్లో కంచె కత్తిరించడానికి దారాలు కడతారు, కర్రల చట్రాలు పెడతారు, కరెంటు మిషన్లు వాడతారు. విల్ఫ్ దగ్గర ఒక పెద్ద కత్తెర, ఒక సానరాయి. నాలుగు రెమ్మలు కత్తిరించి దిగేవాడు. పచ్చిక మీద లెక్కపెట్టి పదకొండు అడుగులు వెనక్కి నడిచి, ఆగి చూసేవాడు. మళ్లీ ఎక్కేవాడు. రోజుకి నలభైసార్లు తక్కువ కాదు.

"ఏం పెద్దాయనా, బస్సులో మెట్లు చాల్లేదా నీకు?" అని ఏడిపించేదాన్ని.

"బస్సులో జనం ఎక్కేవాళ్లమ్మాయ్, నేను కూర్చునేవాణ్ణి. ఇప్పుడు నా వంతు."

మూడు వందల ఏళ్ల ఆ ఇంటిలోకి అతను వెళ్లింది ఒక్కసారే. బూట్లు శుభ్రంగా తుడుచుకుని, రంగుల పైకప్పుల కింద నుంచీ తైలవర్ణ చిత్రాల పక్క నుంచీ తలైనా తిప్పకుండా నడిచి, తిన్నగా మేడ మీద పెద్ద దొర పడకగదికి వెళ్లాడు. కిటికీలోంచి కంచెని చూసి, "మెడ లావైంది" అని దిగొచ్చేశాడు. ఆ గదికి కాపలా ఉండే ఆవిడ ఇప్పటికీ ఆ మాట తలచుకుని మండిపడుతుంది. నాకు మాత్రం ఆ రోజే విల్ఫ్ అంటే ఎక్కడలేని గౌరవం పుట్టింది. ఎప్పుడో చచ్చిపోయిన దొర నిద్రలేచి చూస్తే పక్షి ఎలా కనిపిస్తుందో కనుక్కోవాలని ఎవరికి తోస్తుంది?

కత్తెర పట్టిన చివరి రెండేళ్లూ అతను నిచ్చెన మీద నుంచి నన్ను అడగడం మొదలుపెట్టాడు. "తోక సమంగా ఉందా?" అంటే, "కుడి పక్క ఇంకో బెత్తెడు తియ్యి" అనేదాన్ని. అంతకుముందు ఎవరి సలహా అడిగిన మనిషి కాదు. చూపు తగ్గిందని నాకు అర్థమైంది. మా హెడ్ గార్డెనర్ రోవెనా చాలా కచ్చితమైన పిల్ల. చూపు ఆననివాళ్లు నిచ్చెన ముట్టుకోకూడదని ఆవిడ రూలు. ఒక్క మాట చెబితే విల్ఫ్‌కి నిచ్చెనే ఉండదు. ఆ మాట నేను చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట ఆగస్టులో, ఒక మంగళవారం టూరిస్టు బస్సు వచ్చింది. పసుపు రెయిన్‌కోటు ఆవిడ నా దగ్గరికొచ్చి టాయిలెట్లు ఎటని అడిగింది. గుర్రపుశాల దాటి, టీ గది పక్క సందులో అని చెబుతూ నేను అటు తిరిగాను. ఇంతలో ఏదో నా టోపీ మీద పడి చేతుల్లోకి జారింది. జానెడు పొడవున్న పక్షి ముక్కు.

"ముక్కు ఎలా ఉందమ్మాయ్?" అన్నాడు పైనుంచి విల్ఫ్.

"బాగుంది" అన్నాను. ముక్కుని ఏప్రన్ జేబులో కుక్కేశాను.

అతను దిగాడు. పదకొండు అడుగులు నడిచి, తిరిగి, చాలాసేపు పైకి చూశాడు. "అవును, బాగుంది" అన్నాడు. ముక్కు లేని పక్షిని చూసి ఆ మాటన్నాడు. చూపు ఇంతగా పోయిందని నేను ఊహించలేదు.

పదిన్నరకి బెంచీ మీద టీ తాగుతుంటే, బస్సులో వచ్చిన ముసలి దంపతులు మా దగ్గర ఆగారు.

"ఈ గుడ్లగూబని చేసింది మీరేనా? చాలా బాగుందండీ!" అన్నాడాయన.

"గుడ్లగూబేమిటి మీ మొహం! అది కప్పులో పెట్టిన ఉడికిన గుడ్డు" అంది భార్య.

విల్ఫ్ లేచి నిలబడి ఇద్దరికీ మర్యాదగా కృతజ్ఞతలు చెప్పాడు. వాళ్లు వెళ్లాక నా వైపు చెయ్యి చాపాడు.

"ఇచ్చెయ్."

"ఏమిటి?"

"నీ జేబులోది."

ఇచ్చాను. దాన్ని వేళ్లతో ఈ కొస నుంచి ఆ కొసకి తడిమాడు. "లేత రెమ్మ తెగితే కత్తెర ఒకలా పలుకుతుంది, ముదురు కొమ్మయితే ఇంకోలా. తెగగానే తెలిసింది నాకు."

"మరి ఎలా ఉందని నన్నెందుకడిగావు?"

"నువ్వేమంటావోనని. బాగుందన్నావు. అంటే నా కళ్ల సంగతి నీకు ముందే తెలుసన్నమాట."

నాకు ఏడుపొచ్చింది. "నువ్వూ బాగుందన్నావుగా!"

"నువ్వంత కష్టపడి అబద్ధమాడితే, కాదంటే బాగుంటుందా?"

అప్పుడు చెప్పాడు. రెండు కళ్లలోనూ చూపుకి నడిమధ్య మచ్చ వచ్చిందట. చేసేదేమీ లేదని డాక్టరు చెప్పి అప్పటికే రెండేళ్లు. "చూసి చెయ్యట్లేదమ్మాయ్. చేతులకి గుర్తున్నంతవరకూ చేద్దామనుకున్నా" అన్నాడు.

ఫ్లాస్కు మూత బిగించి, బూట్లు తుడుచుకుని, తనే రోవెనా ఆఫీసుకి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. ముక్కుని ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"ఇది నేను చేసిన పని. ఈ అమ్మాయి తప్పేం లేదు. ఇక నిచ్చెన ఎక్కను."

రోవెనా నా వైపు తిరిగింది. "ఆయనకి కనపడదని మీకు తెలుసా?"

"తెలుసు."

"పడిపోయి ఉంటే? అప్పుడు ఎవరికి చెప్పుకునేవారు?" అని గట్టిగా కడిగేసింది. తిట్లు పడ్డాను, పడాల్సినదాన్నే. కాస్త చల్లబడ్డాక ముక్కు మళ్లీ రావడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది.

"పదేళ్లు" అన్నాడు విల్ఫ్. అప్పటికి అతనికి డెబ్భై తొమ్మిది.

"ఎవరు పెంచుతారు?"

విల్ఫ్ బొటనవేలు నా వైపు తిప్పాడు. నాకా అరవై ఆరు, స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయి. కాదనడానికి మొహం చెల్లలేదు.

మరుసటి వసంతంలో మొదటిసారి ఆ నిచ్చెన ఎక్కాను. కింద విల్ఫ్ రెండు చేతులా పట్టుకున్నాడు. తెగిన చోట పుట్టిన పెన్సిలంత రెమ్మని వెదురుపుల్ల వెంట వంచి, మెత్తటి తాడుతో కట్టాను. అప్పటినుంచీ కత్తెర నాది, చెవులు అతనివి. "ఆగు, ముదురు తగిలింది" అంటాడు. నా చెయ్యి ఆగిపోతుంది. ఇంతవరకూ ఒక్కసారీ పొరబడలేదు.

ఈ ఆగస్టులో కత్తిరింపు అయిపోయి నేనింకా పైనే ఉన్నాను. చూపు అంచుల్లో కాస్త ఆనుతుందని విల్ఫ్ మొహం పక్కకి తిప్పి పైకెత్తాడు.

"ముక్కు ఎలా ఉందమ్మాయ్?"

నేను బాగా చూశాను. "నాలుగు వేళ్ల పొడవుంది. కొస ఎడమకి వంకరపోయింది. కట్టడంలో నాదే తప్పు."

విల్ఫ్ మొహం విప్పారింది. "దిగు" అన్నాడు. "పదకొండు అడుగులు వెనక్కి నడిచి చూసి, మళ్లీ చెప్పు."