డ్రైవరుగారి గ్రీన్

బస్తర్‌లోని కిరందుల్ నుంచి ఇనుప ఖనిజం గూడ్సు రైళ్లు నడిపిన మా పక్కింటి డ్రైవరుగారిని కాలనీలో ఇప్పుడెవరూ తలవడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. పచ్చ సిగ్నల్ కనబడగానే కుడి అరచెయ్యి చాపి ‘గ్రీన్’ అని బిగ్గరగా పలకడం డ్రైవర్ల పద్ధతి. ఆయన ఇంట్లో దేనికి సరే అనాలన్నా అలాగే అనేవారు.

పక్షవాతంతో ఆ చెయ్యే పడిపోయింది. జగదల్‌పూర్ ఆస్పత్రిలో ప్రయోగానికి తెచ్చిన రోబో తొడుగు చేతికి, మెదడు సంకేతాలు పట్టే టోపీ తలకు పెట్టారు.

“సోచియే అంకుల్, ముట్ఠీ ఖోలియే,” అంది ఫిజియోథెరపిస్టు సునీత, మనసులో అనుకుని పిడికిలి తెరవమని. తొడుగు కదల్లేదు. చెయ్యి కదిలినట్టు మనసులో ఊహిస్తే చాలని నేను లైబ్రరీలో చదివి ఉన్నాను.

“బాబాయ్, సిగ్నల్!” అన్నాను.

“గ్రీన్!” అన్నారు. తొడుగు ఆయన పిడికిలి విప్పింది. “సూసావేట్రా, బండెల్తంది!” అని ఏడ్చారు.

ప్రయోగం ముగిసి యంత్రం వెళ్లిపోయింది. వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి. నేను చివరిసారి చూసిన రోజు వాళ్ల వరండా ముందున్న పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. ఒళ్లోని చేతిని చూస్తూ “గ్రీన్” అన్నారు. “నాను గ్రీనిచ్చాన్రా, ఈ సెయ్యే ఎల్లలేదు,” అన్నారు.

ఆయన్ను జగదల్‌పూర్ తీసుకెళ్లిన అప్పలరాజుకు, సునీతకు, లైబ్రరీలో నాకు పుస్తకాలిచ్చిన గుప్తాజీకి కృతజ్ఞతలు. వరండాలో ఆ పూట ఆయన చేతిని తన చేత్తో ఎత్తి, బండి కనుమరుగయ్యేదాకా చాపి పట్టుకున్న ఆయన భార్య సత్యవతి పిన్నికి కూడా.