నల్లపూస ద్రాక్షకి ఎక్కిన కారం

వీరాంజనేయులుకి ఉన్న జబ్బు ఒక్కటే. లోకంలో ఏం జరిగినా తప్పు తనదేనంటాడు. కరెంటు పోతే పక్కింటివాళ్ళకి క్షమాపణ చెబుతాడు. బస్సు ఆలస్యంగా వస్తే, తాను ముందే వచ్చి నిలబడినందుకు కండక్టరుకి క్షమాపణ చెబుతాడు. పెళ్ళిలో ఎవరైనా తన కాలు తొక్కితే, తొక్కినవాణ్ణి కూర్చోబెట్టి, కాలు అడ్డం పెట్టింది తానేనని ఒప్పించి మరీ పంపుతాడు. ఆ పక్కన నిలబడాల్సిన భార్య కోటిరత్నానికి నేల చీలితే బాగుండుననిపించేది.

"నలుగురిలో నన్ను తలెత్తుకోనివ్వరు కదా."

"అవును, తప్పు నాదే."

ఇక పోట్లాట ముందుకు సాగేదెలా?

ఇలాంటివాడు వైన్ ద్రాక్ష జోలికి వెళ్ళాడు. చుక్క ముట్టడు, వాసన కూడా ఎరగడు. అసలు ద్రాక్షంత దేశదిమ్మరి ఇంకోటి లేదు. ఎవరెవరి మూటల్లోనో ఎక్కడెక్కడో తిరిగొచ్చి, మన పెరళ్ళలో బావి గట్ల మీద పాకి, కొత్త పేర్లు పెట్టించుకుని స్థిరపడింది. గింజలేని తియ్య ద్రాక్ష బజారుకొచ్చాక, ఆ పాత తీగల పుల్లటి నల్లకాయల్ని పిల్లలు కూడా ఉమ్మేశారు. వైన్‌కి మాత్రం ఆ పులుపు, ఆ మందపు తొక్కే ప్రాణమని వీరాంజనేయులు చెవిన వేసినవాడు శివనాగరాజు. చీరాల మగ్గాల ఇంట పుట్టి, కర్ణాటకలో ఒక చిన్న వైనరీ నడుపుతున్నాడు. వరసకి వీరాంజనేయుల్ని బాబాయ్ అంటాడు.

అంతే. మంగళగిరిలో ఒక మగ్గం ఇంటి వెనక, కొత్తపట్నంలో ఒక వలల కొట్టం మీద, 'నల్లపూస' అనే పాత రకం ఎక్కడ మిగిలిందో వెతికి కొమ్మ ముక్కలు తెచ్చాడు. ముక్క అడిగినందుకు ఇంటివాళ్ళకి క్షమాపణ, కోసినందుకు తీగకి ఇంకో క్షమాపణ. ముక్కలు చుట్టే తడి గోనెసంచి పట్టుకుని వీధిలో నిలబడిన కోటిరత్నం, తనకి ఈయనెవరో తెలియనట్టు ఆకాశం చూసేది.

పర్చూరు పక్కన మిరప పండే నల్లరేగడిలో అర ఎకరం పందిరి లేచింది. పాలకేంద్రంలో ఆడవాళ్ళు కోటిరత్నాన్ని 'సారాకొట్టు అక్క' అనసాగారు. ఆమె వినపడనట్టు క్యాను నింపుకుని, ఇంటికొచ్చి ఏడ్చేది. చివరికి ఆమె తమ్ముడు పానకాలు తీర్పు చెప్పాడు. నిరుటి కాయతో శివనాగరాజు చేసిన వైన్ బాగుంటే సరే, లేకపోతే తీగలు పీకి మిరప వెయ్యాలి. వీరాంజనేయులు ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకోనిది ఏముంది?

ఈ మాఘమాసంలో శివనాగరాజు సీసాతో దిగాడు. కల్లాల్లో మిరపకాయలు ఆరుతున్నాయి, పందిరి నిండా గుత్తులు నల్లబడుతున్నాయి. పానకాలు ఆత్రంగా అరగ్లాసు ఒక్క గుక్కలో వేసుకున్నాడు. ముందు నవ్వాడు, తర్వాత కళ్ళు తేలేశాడు, ఆ తర్వాత కుండలోని మంచినీళ్ళన్నీ తాగాడు.

"బాబాయ్, మంట వెనకాల రుచి చాలా బాగుంది. అందుకే ఇంత దూరం వచ్చాను," అన్నాడు శివనాగరాజు. "ఆ మంట ఎక్కణ్ణుంచి వచ్చింది? కాయ గుణమే అదైతే ఈ ఏడు కాపు నేను తీసుకోలేను."

కోటిరత్నానికి ఆ మంట ఎక్కడిదో తెలిసిపోయింది. నిరుడు కోతనాడు ప్లాస్టిక్ ట్రేలు చాలలేదు. భర్త లారీ కోసం వెళ్ళాడు. మిరపకాయలు తొక్కి నింపే గోతాలు, ఊళ్ళో టిక్కీలంటారు, ఖాళీవి కొన్ని బోరు కింద ఉతికి, మిగిలిన ద్రాక్ష వాటిలో పోసింది. ఉతికితే పోతుందనుకుంది. కారం నీళ్ళకి పోయేదా?

ఆమె నోరు తెరిచేలోపే వీరాంజనేయులు అందుకున్నాడు. "తప్పు నాదేరా. మిరప నేలలో తీగ పెట్టాను. కాయ గుణమే అంతయిపోయింది. పీకేస్తాలే."

అంటూ పందిరి వైపు చూడలేక తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

పానకాలు దగ్గుతూనే ట్రాక్టరు రేపు పంపిస్తానన్నాడు. కోటిరత్నం ఊరుకుంటే చాలు, పందిరి పోతుంది, పాలకేంద్రంలో పడ్డ ఆ పేరూ పోతుంది. ఆమె మొహం ఎర్రబడింది.

"కాయదీ కాదు, నేలదీ కాదు. ట్రేలు చాలకపోతే నేనే టిక్కీల్లో పోశాను."

"పీకించాలని కావాలనే చేశావా అక్కా?" అన్నాడు పానకాలు.

"నోర్ముయ్‌రా," అన్నాడు వీరాంజనేయులు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ విన్నది కాదు. పానకాలు నీళ్ళచెంబు కింద పెట్టేశాడు. శివనాగరాజు ముందు బిత్తరపోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వి, కాపంతా తీసుకుంటానని, ట్రేలు తానే పంపుతానని చెప్పాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె అడిగింది. "మీకు ముందే తెలుసా?"

"లారీకి ఎత్తింది నేనే కదా. తుమ్ములు ఆగలేదు."

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"పొద్దుటినుంచీ ఉతికావు. చేతులు మండి నెయ్యి రాసుకుని కూర్చున్నావు. అప్పుడు వచ్చి, ఇవి పనికిరావని నీతో ఎలా అనను?"

కోటిరత్నానికి ఇన్నేళ్ళ క్షమాపణలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ బస్సు కండక్టరు కొత్తగా చేరిన పిల్ల, బస్సులో అందరూ కలిసి ఆమెని తిడుతున్నారు. పెళ్ళిలో కాలు తొక్కినవాడికి సరిగ్గా చూపు ఆనదు. ఈయన తప్పు నెత్తినేసుకున్న ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు తల దించుకోబోతూ ఉన్నారు. తాను మాత్రం ప్రతిసారీ ఆకాశం చూసింది.

ఆ సిగ్గుతోనే పందిరి కిందికి నడిచి, మొదటిసారి ఒక కాయ తెంపి నోట్లో వేసుకుంది. ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది.

"ఏంటండీ ఈ పులుపు?"

"అది అలాగే ఉండాలి," అన్నాడాయన.

క్షమాపణ వస్తుందని ఆమె కాసేపు చూసింది. రాలేదు. ఆయన నిక్కి, బాగా నల్లబడిన గుత్తి ఒకటి కోసి ఆమె చేతిలో పెట్టాడు.